బోణీ కాని చదువు

మూడేళ్ల కిందట మా ఊళ్లో ఒక కళాశాలవారు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. పేరు ఇక్కడ అవసరం లేదు. కోయంబత్తూరులో అలాంటి కళాశాలలు వీధికొకటి ఉన్నాయి. డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలకు పెట్టిన ‘వ్యవస్థాపకత’ కోర్సు ముగింపు సభ అది. వేదిక వెనక కట్టిన బ్యానరు మీద ‘ఆత్మవిశ్వాసమే తొలి పెట్టుబడి’ అని తమిళంలోను, ఇంగ్లీషులోను రాసి ఉంది. నేను దాన్నే పట్టుకుని పావుగంట మాట్లాడాను. ధైర్యంగా ముందుకు రండి, బ్యాంకులు మీకోసం తలుపులు తెరుచుకుని కూర్చున్నాయి అన్నాను. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

మొన్న అదే కళాశాల నుంచి మళ్లీ ఆహ్వానం వచ్చింది. ఈసారి అంశం ‘విద్యార్థులలో వ్యాపార ఆత్మవిశ్వాసాన్ని పెంపొందించడం’. ఈ వ్యాసమే దానికి నా జవాబు. అక్కడ తెలుగు చదవగలిగిన అధ్యాపకులు ఒకరిద్దరున్నారు. మిగిలినవారికి వారు చెబుతారని ఆశ.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పిల్లలకు ఆత్మవిశ్వాసం లేదన్నది అబద్ధం. వాళ్ల మీద విశ్వాసం లేనిది కళాశాలకు, బ్యాంకుకు, ఇంట్లో మనకు. మన లోటును తీసుకెళ్లి వాళ్ల ఖాతాలో రాశాం. పైగా ఆ లోటు తీరుస్తామని వాళ్ల దగ్గరే ఫీజు వసూలు చేస్తున్నాం. నేను బి.కాం. చదివినవాణ్ని. ఒకరి ఖాతాలో రాయవలసిన పద్దు ఇంకొకరి ఖాతాలో రాస్తే దాన్ని ఏమంటారో నాకు తెలుసు.

ఆ సభ జరిగిన నెలకు ఒక అమ్మాయి మా శాఖకు వచ్చింది. నా ఉపన్యాసం విన్నవాళ్లలో ఒకతె. ‘బ్యాంకు తలుపులు తెరిచి ఉన్నాయని మీరే చెప్పారు సార్’ అని తమిళంలో మొదలుపెట్టింది. నా బల్ల మీద ఉన్న ఈ పత్రికను చూసి తెలుగులోకి మారింది. చదవడం రాదట, అక్షరాల వాలకాన్ని బట్టి గుర్తుపట్టింది. ఆమె అరుంధతీయుల అమ్మాయి. కొంగునాట ఈ కులంవారి ఇళ్లలో చాలాచోట్ల మాట్లాడేది తెలుగేనని ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. మన తెలుగు సంఘాల సభ్యుల జాబితాల్లో వాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో కూడా చెప్పనక్కరలేదు. తండ్రి కాంట్రాక్టు మీద చేసే పారిశుధ్య కార్మికుడు. ఇల్లు హౌసింగ్ బోర్డు కట్టించిన ఒంటి గది. పట్టా ఇంకా చేతికి రాలేదు.

ఆమె తెచ్చిన ప్రాజెక్టు రిపోర్టు నలభై పేజీలు. బైండు చేయించింది. దోసెల పిండి రుబ్బి అమ్మే వ్యాపారం. తొంభై వేలు అప్పు కావాలి. రిపోర్టులో దేశ జనాభా ఉంది, ఆహార పరిశ్రమ భవిష్యత్తు ఉంది, రంగు రంగుల బొమ్మలున్నాయి. బలాలు, బలహీనతలు అని ఒక పట్టిక ఉంది. బలహీనతల కింద మొదటి వరుసలో ‘ఆత్మవిశ్వాస లోపం’ అని రాసి ఉంది.

పిండి ఎవరికి అమ్ముతావమ్మా అని అడిగాను. ‘ఇళ్లకు అమ్మను సార్. హాస్టళ్లకు, మెస్సులకు ఇస్తాను’ అంది. ఎందుకని? ‘ఇళ్లవాళ్లు ఎవరింటి పిండి అని అడుగుతారు. మెస్సువాళ్లు కిలో ఎంత అని అడుగుతారు.’

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మార్కెట్టు గురించి ఇంత పొట్టిగా, ఇంత సూటిగా చెప్పినవారిని నేను చూడలేదు. ఇది రిపోర్టులో ఎందుకు రాయలేదని అడిగాను. ‘రాశాను సార్. మేడమ్ కొట్టేశారు. బలహీనత అంటే మనలో ఉండేదట, బయటిది రాయకూడదట’ అంది.

ఆ కోర్సు ఏం నేర్పిందో ఇంతకంటె వేరే చెప్పాలా? ఆమె తన కళ్లతో చూసి తెలుసుకున్నదాన్ని కొట్టివేయించి, ఆమెలో లేని జబ్బును ఆమె చేతనే రాయించింది.

ఇక నా సంగతి. నేను ఆ రిపోర్టు పక్కన పెట్టి, ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా హామీ సంతకం పెడతారా అని అడిగాను. ఆమె కాసేపు ఊరుకుంది. ‘అలాంటి వాళ్లు తెలిసుంటే మీ దగ్గరికి ఎందుకొస్తాను సార్’ అనలేదు, అనవలసింది. చూస్తానని చెప్పి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. నేను అడగకూడనిది అడిగానని నాకు ఆనాడే తెలుసు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు పది లక్షల దాకా ఇచ్చే అప్పులకు తాకట్టు అడగరాదని 2010లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. తాకట్టుగాని, మూడోవారి హామీగాని లేకుండా ఇచ్చే అప్పులు మునిగితే బ్యాంకును ఆదుకోవడానికి 2000లోనే కేంద్ర ప్రభుత్వం, సిడ్బీ కలిసి హామీ నిధి పెట్టాయి. 2015 ఏప్రిల్‌లో ముద్రా పథకం వచ్చింది. యాభై వేల లోపుకు శిశు అని, ఐదు లక్షల లోపుకు కిశోర్ అని పేర్లు కూడా పెట్టారు. ఈ కాగితాలన్నీ నా సొరుగులోనే ఉన్నాయి. అయినా అడిగాను. అప్పు మునిగితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది నేను. ఇవ్వకపోతే నన్నెవరూ ఏమీ అడగరు. నా భయానికి నేను పెట్టుకున్న ముద్దుపేరు ‘జాగ్రత్త’.

ఏడాది తరవాత మా శాఖ పక్క సందులోని మెస్సులో భోంచేస్తుంటే ఆ అమ్మాయి కనిపించింది. టీవీఎస్ మోపెడ్ మీద రెండు పిండి డబ్బాలు దించుతోంది. నన్ను చూసి నవ్వింది. నాకే తల వంగింది. పెట్టుబడి ఎక్కడిదమ్మా అంటే, తండల్ తీసుకున్నానంది.

తమిళనాట ఉన్న పాఠకులకు తండల్ అంటే తెలుసు. ఇతరుల కోసం చెబుతాను. ఇరవై వేలు అప్పు రాసుకుని మూడు వేలు ముందే పట్టుకుని పదిహేడు వేలు చేతిలో పెడతారు. రోజుకు రెండు వందల చొప్పున నూరు రోజులు కట్టాలి. ప్రతి సాయంత్రం మనిషి ఇంటి ముందుకు వస్తాడు. ఆ పదిహేడు వేలతో ఆమె ఒక పాత టిల్టింగ్ గ్రైండరు కొంది. మొదటి తండల్ తీర్చి రెండోది తీసుకుంది, అది తీర్చి మూడోది. మూడు వందల రోజుల్లో వానకు రెండు రోజులు తప్పాయట. మర్నాడు రెండేసి కట్టిందట.

శాఖకు తిరిగొచ్చి లెక్క వేశాను. పదిహేడు వేలు నూటికి పన్నెండు వడ్డీకి మేమిచ్చి నూరు రోజుల్లో రోజువారీగా తీర్చుకుంటే వడ్డీ మూడు వందలు కూడా కాదు. ఆమె కట్టింది మూడు వేలు. అలా మూడుసార్లు. ఏటికి చూస్తే నూటికి నూరు దాటిన వడ్డీ కట్టి కూడా ఆమె నిలబడింది. ఇప్పుడు చెప్పండి, ఆత్మవిశ్వాసం ఎవరికి తక్కువైంది? మునిగిపోయే పూచీ ఉన్నా నూరేసి రోజులు తన మీద తాను పందెం కాసిన పిల్లకా? హామీ నిధి వెనక నిలబడి కూడా ఇరవై వేలు ఇవ్వడానికి చెయ్యి రాని నాకా?

కళాశాలలవారు తమ కోర్సుకు శాస్త్రాధారం ఉందంటారు. ఉంది. అది పుట్టినచోట్లలో ఒకటి మన కాకినాడే, యానాం పాఠకులకు పక్క ఊరు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1960లలో కాకినాడ వ్యాపారస్థులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి కొద్ది రోజులపాటు తరిఫీదు ఇప్పించారు. ఏదైనా సాధించాలనే తపనను పెద్దవాళ్లలో కూడా పెంచవచ్చునా అన్నది ఆయన ప్రశ్న. శిక్షణలో ఒక ఆట ఉండేది. నేలమీద మేకు పాతి దూరం నుంచి దానికి రింగులు వేయాలి. ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గర నిలబడితే గెలుపుకు విలువ లేదు. మరీ దూరం పోతే అది అదృష్టం మీద ఆధారపడడం. తన సత్తా తెలిసినవాడు మధ్యలో నిలబడతాడు. ఆ తరవాత కాకినాడవారిని శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారస్థులతో పోల్చి చూస్తే, శిక్షణ పొందినవారిలో కొత్త ప్రయత్నాలు ఎక్కువ కనిపించాయి. 1969లో ఆ పరిశోధన పుస్తకంగా వచ్చింది.

కాకినాడ పేరు చెప్పేవారు రెండు సంగతులు మరిచిపోతున్నారు. ఆ శిక్షణకు వచ్చినవారిలో ఎక్కువమందికి అప్పటికే కొట్టో, మిల్లో, చేతిలో నాలుగు డబ్బులో ఉన్నాయి. కొత్త ధైర్యంతో తిరిగివెళితే ఆ ధైర్యాన్ని పెట్టడానికి ఒక చోటుంది. మన విద్యార్థికి ఏముంది? రెండోది, అక్కడ రింగు వేసింది వాళ్లే. ఎక్కడ నిలబడాలో తేల్చుకున్నదీ వాళ్లే. మన కోర్సుల్లో మేకు బొమ్మ గీసి, దూరం కొలిచి, రింగు ఎలా వేయాలో పదిహేను మార్కులకు రాయమంటారు. ఏడాది పొడుగునా ఒక్క విద్యార్థీ ఒక ముఖం తెలియని మనిషికి ఒక రూపాయి సరుకు అమ్మడు. కొట్టు తెరిచినవాడికి పొద్దున్నే బోణీ కాకపోతే మనసు ఎలా ఉంటుందో తెలియదు, అయితే ఎలా ఉంటుందో అంతకన్నా తెలియదు. బోణీ కాని చదువుకు పట్టా ఇచ్చి పంపిస్తున్నాం.

ఈ మాట కొత్తదేమీ కాదు. ఇదే ఊళ్లో జి.డి. నాయుడు గారు ఎన్నడో అన్నారు. బడి చదువు ఒంటబట్టలేదు. హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి మోటారు సైకిలు కొన్నారు. దాన్ని విప్పి బిగించి యంత్రం నేర్చుకున్నారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య రవాణా మొదలుపెట్టారు. 1945లో ఇంజనీరింగ్ కళాశాల పెట్టి తానే ప్రిన్సిపాలుగా ఉంటూ, ఈ చదువుకు నాలుగేళ్లు దండగ, రెండేళ్లలో ఇదంతా నేర్పవచ్చన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. ఆ కళాశాల ఇప్పుడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నడుస్తోంది. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి కుమారులు నలుగురు 1926లో ఆస్తిని ఐదు భాగాలు చేసి ఐదోది ధర్మానికి రాసిచ్చారు. అందులోంచి వచ్చిన సంస్థల్లో పోతపని, మోటార్లు, పంపులు తయారుచేసే కర్మాగారం, చదువు ఒకే ఆవరణలో ఉండేట్టు చూసుకున్నారు. చదువుకునేవాడి చెవిలో యంత్రం చప్పుడు పడాలని వాళ్లకు తెలుసు.

మన సభల్లో ఈ పేర్లు చెప్పి పొంగిపోతాం. పొంగవలసిందే. కాని ఆ కథలో మనం చెప్పకుండా దాటేసే పుట ఒకటుంది. మిల్లులు పెట్టిన తెలుగువారిలో చాలామంది వెనక భూమి ఉంది, పత్తి ఉంది, బంధువుల పూచీ ఉంది. మొదటిసారి దెబ్బతిన్నా రెండోసారి నిలబెట్టే మేనమామ ఉన్నాడు. దాన్ని మనం ‘మనవాళ్ల రక్తంలోనే ఉంది’ అంటాం. అదే ఊళ్లో అదే తెలుగు మాట్లాడుతూ వీధులు ఊడ్చినవాళ్ల పిల్లలు వ్యాపారం పెట్టకపోతే ‘వాళ్లకు ధైర్యం చాలదు’ అంటాం. రక్తంలో ఉన్నదని మనం అనుకున్నదానిలో సగం మేనమామ జేబులో ఉంది. మేనమామ లేనివాళ్లకు కళాశాల, బ్యాంకు, సంఘం కలిసి ఆ చోటులో నిలబడాలి. అంతకంటె వేరే వ్యవస్థాపకత పాఠం లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. వాటిలో చాలా నేనే చెప్పినవి. పిల్లలకు డబ్బిస్తే పాడుచేస్తారు అంటారు. కొందరు పాడుచేస్తారు, నిజమే. పదివేలు పోతే పోతాయి. ఆ కోర్సు మీద బ్యానర్లకు, శాలువాలకు, నాలాంటి ముఖ్య అతిథుల భోజనాలకు అయ్యే ఖర్చు లెక్క ఎవరైనా చూపిస్తే అప్పుడు మాట్లాడదాం. వ్యాపారాల్లో ఎక్కువ భాగం నిలవవు, పిల్లలను అందులోకి తోయడం పాపం అంటారు. అందుకే చిన్నగా, చదువుకునే రోజుల్లోనే, ఇంట్లో అన్నం దొరికేటప్పుడే ఓడిపోనివ్వమంటున్నాను. నలభై ఏళ్లకు పీఎఫ్ డబ్బు పెట్టి మొదటిసారి ఓడిపోయినవాళ్లను మా శాఖలో చూశాను. ఆ ఓటమి ఇంటిల్లిపాదినీ కూర్చోబెడుతుంది.

అందరూ వ్యాపారమే చేయాలా అని ఇంకో ప్రశ్న. అక్కరలేదు. ఉద్యోగం తక్కువదని నేనెలా అంటాను, అది తినే బతికాను. కాని వద్దనుకునే ముందు ఒకసారి చేసి చూసే అవకాశం ఉండాలి. మావాడు డిగ్రీ అయ్యాక స్నేహితుడితో కలిసి మోటారు వైండింగ్ షాపు పెడతానన్నాడు. ‘ముందు ఉద్యోగం చూసుకోరా, అది తరవాత చూద్దాం’ అన్నాను. చెన్నైలో ఒక కంపెనీలో లెక్కలు చూస్తున్నాడు. సుఖంగానే ఉన్నాడు. ఆ ‘తరవాత’ రాలేదు. వాడికి ఆ పని వచ్చునో రాదో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. బ్యాంకు వాణ్నయి ఉండి, అడిగిన మొదటి దరఖాస్తును ఇంట్లోనే తిరగ్గొట్టాను.

ఇక ఏం చేయాలి? కళాశాలవారికి నా మనవి. ప్రాజెక్టు రిపోర్టులు ఆపండి. ఐదుగురికో జట్టు, జట్టుకు పదివేలు ఇవ్వండి. ఒక సెమిస్టరు నడపనివ్వండి. చుట్టాలకు, అధ్యాపకులకు అమ్మినది లెక్కలోకి రాదని చెప్పండి. రోజువారీ చిట్టా రాయించండి. లాభానికి మార్కులు వేయకండి, నిజమైన లెక్కకు వేయండి. నష్టం వచ్చినవాడు ఎందుకు వచ్చిందో చెప్పగలిగితే వాడికే ఎక్కువ వేయండి. ఆ లెక్కలు వాళ్ల ఇంటి భాషలో రాసినా సరేనని ఒప్పుకోండి. అరువు, నగదు, బోణీ, చిట్టా, ఆవర్జా అనే మాటలు మన ఇళ్లలో తరాలుగా ఉన్నాయి. ఆ మాటల్లో ఆలోచించగలిగిన పిల్లను రాని ఇంగ్లీషులో నలభై పేజీలు నింపమంటే ఆమెకు తెలిసింది కూడా తెలియనట్టే కనిపిస్తుంది.

నా తోటి బ్యాంకు ఉద్యోగులకు మనవి. ఆ చిట్టాను పరపతి పత్రంగా చదవండి. రూలు అడగవద్దన్నచోట హామీ అడగకండి. కాదన్నప్పుడు కారణం కాగితం మీద రాసి ఇవ్వండి. కారణం రాయవలసి వస్తే మన కలం సగంసార్లు ఆగిపోతుంది. బ్యాంకులు చేయలేని పనేమీ కాదిది. కర్ణాటకలో ధర్మస్థల దగ్గర ఉజిరెలో 1982లో ధర్మస్థల ట్రస్టుతో కలిసి సిండికేట్, కెనరా బ్యాంకులు నిరుద్యోగ యువకులకు స్వయం ఉపాధి శిక్షణ కేంద్రం పెట్టాయి. ఆ నమూనాలోనే తరవాత దేశంలోని జిల్లాల్లో కేంద్రాలు వచ్చాయి. అక్కడ శిక్షణతో పని అయిపోదు. ఆ తరవాత రెండేళ్లపాటు వెంటపడి ఏమైందో కనుక్కోవడం కూడా అందులో భాగమే. విశ్వవిద్యాలయ కోర్సుల్లో పట్టా ఇచ్చిన మర్నాడు ఆ పిల్ల ఏమైందో ఎవరికీ పట్టదు.

చివరగా మన తెలుగు సంఘాలకు. ప్రతి ఉగాదికి మార్కులు వచ్చినవాళ్లకు, విదేశాలు వెళ్లినవాళ్లకు వెండి పళ్లేలు ఇస్తున్నాం. ఒక్కసారి అయినా సొంతంగా షాపు పెట్టుకుని మూతపెట్టుకున్న కుర్రవాణ్ని వేదిక మీదికి పిలిచి, ఏం నేర్చుకున్నావు నాయనా అని అడిగామా? మొదట సభ్యుల జాబితా తెరవండి. తెలుగు మాట్లాడే ఇల్లయితే చాలు, ఏ వీధి అని అడగకండి.

మాటలతో సరిపెట్టానని ఎవరూ అనకుండా ఒక సంగతి రాసి ముగిస్తాను. ఉద్యోగ నిబంధనల ప్రకారం నేను సొంతంగా బ్యాంకు ఖాతాదారులకు అప్పు ఇవ్వకూడదు. విరాళం ఇవ్వవచ్చు. మా సంఘానికి యాభై వేల చెక్కు ఇచ్చాను, ఐదు జట్లకు పదివేల చొప్పున. షరతు ఒకటే, ఆ జట్లను ఎంచే ముగ్గురిలో ఆ పిండి అమ్మాయి ఉండాలి. సంఘం కార్యవర్గం ఇంకా ‘ఆలోచిస్తోంది’. డబ్బు గురించి కాదట, ఆ షరతు గురించి.

కళాశాలవారికి మాత్రం సభకు రాలేనని రాశాను. నా బదులు ఆమెను పిలవమన్నాను. శాలువా అక్కరలేదు, ఆమె టైము పోతుంది కనుక ఆ పూట పిండి వాళ్ల హాస్టలు మెస్సుకు కొనమన్నాను. కిలో ఎంతో ఆమెనే అడగండి.